నా మీద ఒట్టు, ఇక చావకు

జూన్ 2

పిచ్చుకకి,

నాన్నమ్మ చెబుతుంటే మీ అమ్మ రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. తుంటి నొప్పి మబ్బు పట్టినప్పుడు వస్తోంది, మబ్బుతోనే పోతోంది. దాని సంగతి అడుగుతూ కాగితం పాడుచెయ్యకు.

ఉత్తరం ఎందుకంటావేమో. ఆదివారం పది నిమిషాలు ఫోనిస్తారట మీ జట్టువాళ్ళు, జైల్లో ఖైదీలకి ఇచ్చినట్టు. "బాగున్నావా, బాగున్నాను, తిన్నావా, తిన్నాను" అయ్యేసరికే అది కాస్తా అయిపోతుంది. ముప్పై ఏళ్ళు స్లాబులు పోసే ముఠాని నడిపినదాన్ని. కాంట్రాక్టరు నోటిమాట ఎండలో చల్లిన నీళ్ళని నాకు తెలుసు. కాగితం మీద పడితేనే అది మాట. నాకు అక్షరం రాకపోతేనేం, మీ అమ్మకి వచ్చు. లెక్కల టీచరు, ముత్యాల్లాంటి చేతిరాత. నువ్వు వెళ్ళిన రోజు నుంచి నీతో మాట్లాడనని పంతం పట్టింది గానీ, రాయనని పట్టలేదుగా! నేనన్న ప్రతి ముక్కా రాయాలి, రాసింది నాకు తిరిగి చదివి వినిపించాలి. అది మా షరతు. ("నా గురించి కూడా రాయాలా అత్తయ్యా?" అంటోంది. రాయి. అడిగావని కూడా రాయి.)

అసలు విషయానికొస్తాను. శనివారం మీ కంప్యూటరు ఆట చూశాను. మీ అమ్మ పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఫోన్ని పంచదార డబ్బాకి ఆనించి నా ముందు పెట్టింది, సౌండు తీసేసి. ఆ తెర మీద నాకేం తెలుస్తుంది? పచ్చగా ఏదో తోట, అందులో చీమల బారులు, మధ్యమధ్య వెల్డింగు మెరుపులు. "మన పిల్ల ఏదే?" అన్నాను. మీ అమ్మ తలెత్తకుండానే "పేరుంది చూడండి, పిచ్చుక అని. ఆ పక్షి బొమ్మ" అంది. నేను ముద్దుగా పిలుచుకునే పేరు అంతమంది చూసే చోట పెట్టుకున్నావని ఛాతీ ఉప్పొంగింది. ఉప్పొంగి ఇంకా దిగలేదు, ఆ బొమ్మ బూడిదరంగులోకి తిరిగిపోయింది. "ఏమైందే?" అంటే "చచ్చిపోయింది" అంది మీ అమ్మ. పాలు విరిగాయని చెప్పినట్టు.

ఆట అయ్యాక అడిగాను, ఎంతమందిని చంపిందీ అని. సున్నా. ఎన్నిసార్లు చచ్చింది? తొమ్మిది.

ఇందుకా నేను మీ అమ్మతో అంత పోట్లాట పెట్టుకుని నిన్ను పంపించింది? "ఒక్క సీజను. జూలై పదో తారీఖు కాలేజీ సీటుకి ఆఖరు. ఈలోగా అది ఒక మనిషి అనిపించుకోకపోతే నేనే చెవి పట్టుకుని తీసుకొస్తాను" అని నీ తరఫున పూచీ పడ్డాను. మీ నాన్న సంగతి తెలిసిందేగా, మా అత్తాకోడళ్ళకి మాట పడ్డప్పుడల్లా వాడి లారీకి ఎక్కడో లోడు దొరుకుతుంది. ఈ ఇంట్లో ఇక నా మాటకి విలువుండాలంటే నువ్వు చావడం మానాలి.

నిన్ను చంపుతున్నది ఎవరు, మీవాళ్ళు మిగతా నలుగురూ అక్కడ గాడిదలు కాస్తున్నారా, రెండూ వివరంగా రాయి.

నాన్నమ్మ
(వేలిముద్ర వేశాను. ఈ సిరా ఇక రేపటిదాకా పోదు.)


జూన్ 8

నాన్నమ్మా,

నీ కవరు చేతికిస్తూ మా కోచ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. జీవితంలో స్టాంపు చూడలేదట. అతన్ని మేం అలారం అంటాం. పొద్దున్నే తలుపులు బాదేది అతనే. అతనిది మన భాష కాదు, వేలిముద్ర చూసి "పోలీసు ఉత్తరమా?" అని భయపడ్డాడు.

నన్నెవరూ ఊరికే చంపడం లేదు. చెబుతాను, కోప్పడకుండా విను.

ఆటస్థలం ఒక పెద్ద సైటు అనుకో. ఈ మూల మా కోట, ఎదురు మూల వాళ్ళ కోట. మధ్యలో మూడు దారులు, దారి పొడవునా కాపలా బురుజులు. నువ్వు చూసిన చీమల బారులు బొమ్మ సిపాయిలు. రెండు కోటల్లోంచీ వాటంతటవే వచ్చి కొట్టుకుంటూ ఉంటాయి. దారుల మధ్య అంతా అడవి. మేం ఐదుగురం, వాళ్ళు ఐదుగురు. వాళ్ళ బురుజులు ఒక్కొక్కటే పడగొట్టుకుంటూ వెళ్ళి కోట నడిమధ్య ఉన్న గుండెకాయని పగలగొడితే గెలుపు. ఎవరు ఎంతమందిని చంపారన్నది గెలుపు కాదు.

ఐదుగురికీ ఐదు పనులు. మాలో ఒకణ్ణి దొర అని పిలుస్తాం. ఆట మొదట్లో వాడు పసిపిల్లాడితో సమానం. సిపాయిల్ని కొట్టి బంగారం కూడబెట్టుకుంటూ పెరిగాడంటే చివర్లో ఒక్కడే ఐదుగురికి సరిపోతాడు. అప్పటిదాకా వాణ్ణి కాచుకోవడం నా పని. నేను బంగారం ముట్టుకోను, వాడికే వదిలేస్తాను. అడవిలో మనవాళ్ళు లేని చోటంతా చీకటే, తెర మీద ఏమీ కనిపించదు. నేను ముందు వెళ్ళి మూలమూలనా దీపాలు పెట్టి వస్తాను. ఆ వెలుగులోకి శత్రువు అడుగుపెడితే మా అందరికీ కనిపిస్తాడు. దొర మీదికి ఎవడైనా వస్తే అడ్డం నిలబడతాను. అందుకే ఎక్కువసార్లు చస్తాను. చచ్చినా కాసేపటికి మా కోటలోనే లేచి కూర్చుంటాను. నొప్పీ గిప్పీ ఉండదు.

ఇక్కడ గదికి ఇద్దరం, మంచం మీద మంచం. పై మంచం నాది, పక్క తిరిగితే ఫ్యాను రెక్క చెవి పక్కనే. మణికట్లకి వ్యాయామం చేయించడానికి ఒకావిడ వస్తుంది. మధ్యాహ్నమంతా ఆట. ఆ తర్వాత ఆడిన ఆటనే మళ్ళీ వేసి అలారం తప్పులు ఎంచుతాడు. అచ్చం అమ్మ పేపర్లు దిద్దినట్టే, ఎర్ర పెన్ను ఒక్కటే తక్కువ. నన్ను తీసుకున్నది ట్రయల్ మీదే. ఉంచుకుంటారో పంపేస్తారో సీజను చివర్న చెబుతారు.

అమ్మ ఈ ఉత్తరం నీకు చదివేటప్పుడు ఈ వాక్యం దగ్గర కాస్త ఆగమని చెప్పు.

నీ
పిచ్చుక


జూన్ 14

పిచ్చుకకి,

ఆగమన్న చోట మీ అమ్మ ఆగలేదు. బస్సు మన స్టాపు దాటేసినట్టు దాటేసింది. నేనే వెనక్కి తిప్పి మళ్ళీ చదివించాను. ఈసారి గొంతు సవరించుకుంది. అంతవరకే రాయగలను.

ఇక నీ కొలువు సంగతి. నా మనవరాలు ఎవడో దొరకి దివిటీ పట్టుకుని ముందు నడుస్తోందన్నమాట! వాడు బంగారం ఏరుకుంటుంటే నువ్వు చేతులు కట్టుకుని చూడాలి. వాడి మీద దెబ్బ పడబోతే నీ వీపు అడ్డం పెట్టాలి. ఈ చాకిరీకి ఊరు దాటి పోవాలా? ఇంట్లోనే చేసుంటే మీ అమ్మకైనా సుఖంగా ఉండేది. ("నేను చాకిరీ చెయ్యమనలేదు అత్తయ్యా, చదువుకోమన్నాను" అంటోంది. సరే, అదీ రాయి. ఈ ఉత్తరం నాదో నీదో అర్థం కావడం లేదు.)

దానికి తోడు ఆ మాటలేమిటే? చస్తాను, లేస్తాను, మళ్ళీ చస్తాను! పైన తథాస్తు దేవతలు వేరే పనిలేక తిరుగుతుంటారు. నా ముఠాలో పని మీద ఉండగా ఎవరైనా చావు మాట ఎత్తితే తట్ట కింద పెట్టించి మొహం కడిగించేదాన్ని. నువ్వేమో గుడ్డ ఉతికి ఆరేసినంత తేలిగ్గా రాస్తున్నావు. నొప్పి ఉండదట! చూసేవాళ్ళకి ఉండదా?

ఇదిగో, ఈ ముక్క పెద్దక్షరాలతో రాయవే కోడలా. నా మీద ఒట్టు. ఇవాళ్టి నుంచి ఏ ఆటలోనూ నువ్వు ఒక్కసారి కూడా చావకూడదు. దొరగారిని తన కాళ్ళ మీద తనని నిలబడమను. రాశావా? చదువు. ఆఁ, అదీ.

ఇది నోటి ఒట్టు కాదు, కాగితం మీద పడ్డ ఒట్టు. కాగితం మీద పెట్టింది కాగితం మీద తియ్యాల్సిందే తప్ప ఫోనులో గారాలు పోతే పోయేది కాదు. తెలిసిందా?

నాన్నమ్మ


జూన్ 19

నాన్నమ్మా,

ఎందుకు పెట్టావు ఆ ఒట్టు? తీసెయ్. ఇది అందగానే తీసేశానని రాయించి పంపించు. ఆదివారమే ఆట. ఈ ఉత్తరం నీకు చేరేసరికి అది అయిపోతుందేమో. ఫోను చేద్దామంటే పోటీలు అయ్యేదాకా ఇక ఆదివారాలు కూడా ఫోన్లివ్వరట.

అలారంకి చెప్పాను, మా నాన్నమ్మ ఒట్టు పెట్టిందీ అని. "అంటే డాక్టరు చీటీ లాంటిదా?" అన్నాడు. అంతకంటే పెద్దదన్నాను. నవ్వి వెళ్ళిపోయాడు. నాకు నవ్వు రావడం లేదు.

పిచ్చుక


జూన్ 23

నా బంగారు పిచ్చుకకి,

మాట నిలబెట్టావు! "చచ్చింది ఎన్నిసార్లే?" అంటే మీ అమ్మ సున్నా అంది. మళ్ళీ చూడమన్నాను. మళ్ళీ సున్నాయే. చంపింది కూడా సున్నాయే అనుకో, దానికేం తొందర. ఆట మొదలు నుంచి ఆఖరుదాకా నీ బొమ్మ రంగు మారలేదు. ఎదురింటి టైలరమ్మని పిలిచి మరీ చూపించాను. "గెలిచారా పెద్దమ్మా?" అంది. అడగాల్సింది తప్ప అన్నీ అడుగుతారు మనుషులు.

ఓడిపోయారట. అయితే? మిగతావాళ్ళు చచ్చారు కాబట్టి ఓడారు. నీలాగా ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడితే ఎందుకు ఓడతారు? మీ దొర అడవి మధ్యలో ఒంటరిగా చిక్కి చచ్చాడట, నలుగురు మీద పడి. దివిటీ పట్టేది పక్కన లేకపోయేసరికి దొరతనం ఎంతో తేలిపోయింది చూడు! మీ అలారంకి చెప్పు, ఈ ఉపాయం మా నాన్నమ్మదీ అని. అందరిచేతా ఒట్లు వేయించుకోమను.

మీ అమ్మ మాత్రం నసుగుతోంది. "అప్పుడు ఇది గోడ వెనకాల నిలబడిపోయింది అత్తయ్యా" అంటోంది. గోడ ఉన్నదెందుకు, వెనక నిలబడ్డానికే. పేపర్లు దిద్దుకుంటున్న మనిషి గోడ ఎప్పుడు చూసిందో మరి.

నీ ఉత్తరం ఇంకా రాలేదు. సంతోషంతో రాసి ఉంటావు, దార్లో ఉంటుంది.

నాన్నమ్మ


జూన్ 26

నాన్నమ్మా,

నీ ఉత్తరం చదివి మడిచి పరుపు కిందికి తోసేశాను. మళ్ళీ తీసి జవాబు రాస్తున్నాను.

మేం ఓడింది వాళ్ళు చచ్చినందుకు కాదు. నేను చావనందుకు.

చివరి పోరు అది. వాళ్ళు నలుగురు దొర మీద పడ్డారు. నేను గోడ పక్కనుంచి ముందుకు దూకి అడ్డం నిలబడితే ఆ దెబ్బలన్నీ నాకు తగిలేవి. నేను పోయేదాన్ని. ఆ కాస్త వ్యవధిలో దొర నలుగురినీ తుడిచిపెట్టేవాడు. ఆట మొదటినుంచీ వాణ్ణి పెంచింది ఆ కాస్త వ్యవధి కోసమే. నా వేలు బటన్ మీదే ఉంది. నీ తల గుర్తొచ్చింది. నొక్కలేకపోయాను.

దొర తిట్టలేదు. హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి, "ఒంట్లో బాగోలేదా?" అని అడిగాడు. తిట్టినా బాగుండేది.

ఇక మాకు ఒక్క ఆటే మిగిలింది, జూలై ఐదు ఆదివారం. అది గెలిస్తే ఇంకోటి, ఓడితే అందరం ఇంటికే, నా ట్రయల్ అక్కడితో సరి. అలారం నా కుర్చీలో బెంచి మీది కుర్రాణ్ణి కూర్చోబెట్టి సాధన చేయిస్తున్నాడు. ఆదివారం వెనకాడనని మాటిస్తే నన్నే ఆడిస్తానన్నాడు. ఎలా ఇవ్వను?

ఒట్టు తప్పెయ్యి, ఎవరు చూడొచ్చారు అనకు. పదేళ్ళప్పుడు వాటర్ ట్యాంకు ఎక్కనని నీ మీద ఒట్టేసి ఎక్కాను. వారం తిరక్కుండా నువ్వు స్లాబు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నావు. నాకు తెలుసు అది ఎందుకు జరిగిందో. మబ్బు పట్టిన ప్రతిసారీ గుర్తొస్తుంది. ఇంకోసారి ఆ పని చెయ్యలేను.

ఇంకొక మాట. నా పేరు పక్కన మూడంకెలు ఉంటాయి. నువ్వెప్పుడూ రెండే రాయిస్తావు. మూడోదేమిటో అమ్మని అడుగు.

పిచ్చుక


జూలై 1

పిచ్చుకకి,

నీవి రెండుత్తరాలూ అందాయి. ఒకటి మొన్న, ఒకటి ఇవాళ. పోస్టువాడు నత్తమీద తిరుగుతున్నట్టున్నాడు.

ముందు ఆ మూడో అంకె. అడిగాను. మీ అమ్మ ఉత్తరంలో ఆ ముక్క దాటెయ్యకుండా చదివింది, ఆ నిజాయితీకి మెచ్చుకోవాలి. "మనవాళ్ళు శత్రువుని పడగొట్టినప్పుడల్లా అందులో దీని చెయ్యి ఎన్నిసార్లు ఉందో ఆ లెక్క అత్తయ్యా" అంది. మొదట నేను చూసిన ఆటలో ఎంత? పద్నాలుగట, ఐదుగురిలోనూ అదే ఎక్కువట! మరి మొన్న గోడ వెనకాల నిలబడ్డ ఆటలో? ఒకటట.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?" అన్నాను.

"మీరు చంపినవెన్ని, చచ్చినవెన్ని అన్నారు. అడిగినదానికి చెప్పాను."

విన్నావా? అడిగినదానికే మార్కులు! ఈ మనిషితో ఒక కప్పు కింద ఇరవై ఏళ్ళుగా బతుకుతున్నాను. నాకూ ఒక బిరుదు ఇవ్వాలి.

ఇక నా తుంటి. ఓసి పిచ్చిమొహమా, నువ్వు ట్యాంకు ఎక్కిన సంగతి ఆ సాయంత్రమే వాచ్‌మన్ నాకు మోసేశాడు. నేను పడింది నీవల్ల కాదు. స్లాబు పోసేటప్పుడు పైన ముప్పై మందిమి తట్టలందుకుంటూ, అరుచుకుంటూ, పండగలా ఉంటాం. కింద చీకట్లో, స్లాబుని మోసే పలకల కింద, ఒక్క మనిషి ఒంటరిగా తిరుగుతూ ఉండాలి. పలకకి ఊతమిచ్చిన ఏ జాకీ వంగుతోంది, ఏ పలక కుంగుతోంది చూసుకుంటూ, కదిలిన చోటల్లా మేకు కొడుతూ. పైవాళ్ళకి ఆ మనిషి కనిపించడు. పలక దిగిందంటే ముందు పోయేది ఆ మనిషే. మర్నాడు ఇల్లుగలాయన వచ్చి స్లాబు తట్టి చూసి మేస్త్రీని మెచ్చుకుంటాడు, పైవాళ్ళని మెచ్చుకుంటాడు. కిందవాడు ఉన్నాడనే తెలియదు. ఆ రోజు మావాణ్ణి ఎవరో "కింద చస్తావురా" అని భయపెట్టారు. వాడు పైకొచ్చి పిట్టగోడ పక్కన నిలబడి చోద్యం చూస్తున్నాడు. కింద జాకీ జారింది. పట్టుకునేవాడు లేడు. నేనున్న మూల కుంగింది. అంతే. నీ ఒట్టూ లేదు, నీ ట్యాంకూ లేదు.

నువ్వు దీపాలు, దొర, బంగారం అని ఏవేవో రాసి నన్ను పిచ్చిదాన్ని చేశావు. "నాన్నమ్మా, నేను స్లాబు కింది మనిషిని" అని ఒక్క ముక్క రాసుంటే సరిపోయేదిగా! ఇంత గొడవా నువ్వు సరిగ్గా చెప్పకపోవడం వల్ల వచ్చింది. మొన్న మీ దొర నిలబడ్డ మూల కుంగింది. కింద ఉండాల్సిన మనిషిని పైకి పిలిచింది ఎవరో నువ్వు రాయలేదు. నేనూ రాయించను.

ఒట్టు తీస్తున్నాను, రాయవే అన్నాను. మీ అమ్మ పెన్ను కింద పెట్టింది.

"ఆదివారం ఓడితే పదో తారీఖులోగా ఇంటికొస్తుంది అత్తయ్యా. సీటుంటుంది. ఇది నేను రాయను" అంది.

"ఆహా! రాయకు. రాశానని చదివేయ్. నాకేమన్నా తెలుస్తుందా?" అన్నాను.

మీ అమ్మ లేచి వెళ్ళి గిన్నెలు తోమింది. తోమినవే మళ్ళీ తోమింది. చెయ్యి తుడుచుకుని వచ్చి, ఎక్కడ ఆపామో అడిగి, పెన్ను తీసింది. రాయనన్నది కూడా తన చేత్తోనే రాసింది, షరతు షరతే కాబట్టి.

విను. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. నా తల నా మెడ మీద గట్టిగానే ఉంది. వెళ్ళు, కిందికి వెళ్ళు, అడ్డం నిలబడు, ఎన్నిసార్లు చావాలో అన్నిసార్లు చావు. ఈ వయసులో మనవరాలికి ఇలాంటి మాట రాయించాల్సి వస్తుందనుకోలేదు, మొహం కడుక్కోవాలి.

పోస్టులో వేస్తే ఐదో తారీఖుకి అందదు. మీ అమ్మే పట్టుకొస్తుంది. రానంది. శనివారం బడికి సెలవు పెట్టమన్నాను. పెట్టనంది. రైలు ఎన్నింటికో మాత్రం కనుక్కుంది. తెచ్చి నీ చేతికిస్తుందో, సంచిలోనే ఉంచుకుని తిరిగొస్తుందో నాకు తెలియదు. ఈ కాగితం మీద నేనన్న మాటలే ఉన్నాయో, చాకలిపద్దు ఉందో, అదీ తెలియదు. తిరిగి చదివి వినిపించింది. నమ్మాను. నమ్మక ఏం చేస్తాను?

నాన్నమ్మ


జూలై 6

నాన్నమ్మా,

చాకలిపద్దు కాదు. నువ్వన్న మాటలే ఉన్నాయి. గిన్నెలు కూడా ఉన్నాయి.

నిన్న మధ్యాహ్నం పోటీ హాలు వెనక గేటు దగ్గర కాపలా ఆయన వచ్చి, "ఎవరో టీచరుగారట, లోపలికి పంపమని నన్ను క్లాసు పీకుతోంది" అన్నాడు. వెళ్ళి చూస్తే అమ్మ. భుజాన బడిసంచి, చేతిలో గొడుగు. నన్ను కిందినుంచి పైదాకా చూసింది. సంచిలోంచి కవరు తీసింది. ఇస్తుందనుకుని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుని, ఆ వరండాలో నిలబడి, తనే చదవడం మొదలుపెట్టింది.

మొత్తం చదివింది నాన్నమ్మా. నువ్వు మాట్లాడినట్టే. "ఓసి పిచ్చిమొహమా" అన్న చోట నీ గొంతే వచ్చింది. కరెంటు తీగలు మోసుకెళ్ళేవాళ్ళు మమ్మల్ని తప్పుకుని వెళ్తూ తిరిగి చూస్తున్నారు. నాలుగు నెలల తర్వాత అమ్మ నోటినుంచి నేను విన్న మొదటి మాటలు నీ తిట్లు. "రాయనంది" అన్న చోట కూడా ఆగలేదు. "ఎన్నిసార్లు చావాలో అన్నిసార్లు చావు" దగ్గర మాత్రం ఆగింది. నేను ఉత్తరంలో ఆగమన్నప్పుడు ఆగలేదన్నావుగా, ఆ బాకీ అక్కడ తీర్చింది. తర్వాత కవరు మడిచి నాకిచ్చి, "వెళ్ళు, ఆలస్యమవుతోంది" అంది. అది నీ మాట కాదు, తనది.

అలారంకి వెళ్ళి ఒట్టు పోయిందన్నాను. కుర్చీ చూపించాడు.

గెలిచాం. ఎన్నిసార్లు చచ్చానో రాయను, టైలరమ్మకి చూపించుకునేలా లేదు. చివరి పోరులో వాళ్ళు మళ్ళీ దొర మీదికే దూకారు. ఈసారి గోడ దాటి వెళ్ళాను. నా తెర బూడిదరంగులోకి తిరిగింది, నేను చెయ్యగలిగింది ఇక ఏమీ లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. హాలంతా లేచి అరిచింది. దొర వాళ్ళని తుడిచేసి, గుండెకాయ దాకా నడిచి వెళ్ళి పగలగొట్టాడు. నేను పోయి ఉండగానే గెలిచాం.

అమ్మ చివరి వరసలో కూర్చుందట. ఆట అవగానే రైలుకి వెళ్ళిపోయింది. గొడుగు కాపలా ఆయన దగ్గర మర్చిపోయింది. అమ్మ ఎప్పుడూ ఏదీ మర్చిపోదు కదా?

నీ
పిచ్చుక


జూలై 14

పిచ్చుకకి,

గొడుగు పంపించు. వానలు మొదలయ్యాయి. మర్చిపోలేదట, పెట్టి వచ్చిందట. అలాంటి తేడాలు దాన్నే అడుగు.

ఇక్కడ నా బతుకు ఏమైందో రాయిస్తాను. మీ అమ్మ తిరిగొచ్చిన మర్నాటి నుంచి ఫోనుకి సౌండు పెట్టి చూస్తోంది. మొన్న శనివారం మీ ఆట ఉందని పొద్దున్నే సుద్దముక్కతో గచ్చు మీద మూడు దారులూ గీసింది. అడవి గీసింది. బురుజులకి నా మందు సీసాలు పెట్టింది. "ఇక్కడ దీపం పెట్టాలి అత్తయ్యా, ఇటునుంచి వస్తారు" అని బెత్తం పట్టుకుని చెబుతోంది. కాళ్ళు చాపుకుందామంటే అడవి, లేచి నిలబడదామంటే కోట. ఈ వయసులో నాకు బడి!

తీరా చూస్తే శనివారం రెండాటలూ ఓడిపోయారు. ఏం మనుషులు మీరు? ఒకసారి గెలిచాక రెండోసారి గెలవడానికేం! ఆ దొర మొదట్లోనే రెండుసార్లు అడవిలోకి ఒంటరిగా ఎందుకు వెళ్ళాడు? నువ్వెంత అడ్డం నిలబడితే మాత్రం, స్లాబు పైవాళ్ళకి కూడా కాస్త బుద్ధుండాలి. వాడికి నా మాటగా చెప్పు. నేను ఒట్టు పెట్టడం మొదలుపెడితే వాడి దాకా వస్తాను.

వచ్చే సీజనుకి నిన్ను ఉంచుకున్నారని ఆదివారం ఫోనులో చెప్పావు. మంచిది. అది కాగితం మీద రాయించుకున్నావా? రాయించుకో.

పదో తారీఖు సంగతి నువ్వు అడగలేదు, నేనే రాయిస్తున్నాను. శుక్రవారం కాలేజీ వాళ్ళు ఫోను చేశారు, సీటుకి ఇవాళే ఆఖరు, అమ్మాయి వస్తోందా అని. మీ అమ్మే ఫోను తీసింది. "లేదండీ. మా అమ్మాయి పనిలో ఉంది" అని పెట్టేసింది. (ఇదెందుకు అత్తయ్యా అంటోంది. రాయి. షరతు.)

నేను చెప్పాల్సింది అయిపోయింది. కింద కాస్త చోటు మిగిలింది. మీ అమ్మ ఏదో రాసుకుంటానంటోంది, అది మాత్రం నాకు చదివి వినిపించదట. ఇదెక్కడి న్యాయం? నా కాగితం, నా స్టాంపు! సరే రాసుకోమన్నాను. వేలిముద్ర ముందే వేసేశాను, దాని కింద ఉన్నదానికి నా పూచీ లేదు.

నాన్నమ్మ


శనివారం రెండో ఆటలో, కింది దారి పక్కన, అడవి మూల దగ్గర దీపం ఆరిపోయాక మళ్ళీ పెట్టలేదు నువ్వు. వాళ్ళు అటునుంచే వచ్చారు. మొదటి ఆటలోనూ అంతే. చూసుకో.

అమ్మ